నకలుకు మూలం ఎక్కడ? జపాన్ గిటార్ల ఆధారంగా ఒక విచారణ

ఒక వస్తువు ఎక్కడ పుట్టిందన్న ప్రశ్నకు మామూలుగా ఒక ఊరి పేరో, ఒక పనివాడి పేరో చెబితే సరిపోతుంది. అయితే ఆకారం ఒక దేశానిది, చెక్కపని మరొక దేశానిది, తలమీద రాసిన పేరు ఇంకెక్కడిదో అయినప్పుడు ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు దొరకదు. 1960ల చివరి నుంచి 1980ల ఆరంభం వరకు అమెరికాలోని గిబ్సన్, ఫెండర్ సంస్థల ఎలక్ట్రిక్ గిటార్లను చూసి జపాన్ కార్ఖానాల్లో చేసిన వాద్యాలు సరిగ్గా ఇటువంటివి. వాటిలో అనేకం మీద తయారీదారు పేరు లేదు; ఉన్న పేరు వాటిని చేయించుకున్న వ్యాపారిది; కొన్నింటి మీద దేశం పేరు సైతం ఊడిపోయే చీటీగా మాత్రమే ఉండేది. అర్ధశతాబ్దం గడిచాక ఇప్పుడు వాటి పుట్టుపూర్వోత్తరాలను వెతకడం సేకర్తలకూ, వాద్యకారులకూ, మరమ్మతు చేసేవారికీ గంభీరమైన పనిగా మారింది. ఆ వెతుకులాట అడుగున భారతీయ దర్శనాలూ పాశ్చాత్య తత్త్వశాస్త్రమూ తమ తమ రీతుల్లో చర్చించిన ప్రశ్న ఒకటి ఉంది: నకలుగా పుట్టిన వస్తువుకు సొంత ఉనికి ఉందా, లేక దాని ఉనికి అంతా అసలుదాని దగ్గర తెచ్చుకున్న అరువేనా? సొంత ఉనికి ఉందనీ, దాని మూలాన్ని ఆకారంలో కన్నా దాన్ని చేసిన చేతుల్లో వెతకడమే న్యాయమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ఈ విచారణకు కావలసిన పరికరం గౌతముడి న్యాయసూత్రాల్లో దొరుకుతుంది. ‘ఆవు’ వంటి పదం దేన్ని తెలుపుతుందన్న చర్చలో ఆయన మూడింటిని విడదీస్తాడు: వ్యక్తి, అంటే కళ్లెదుట ఉన్న ఈ ఒక్క ఆవు, ఆకృతి, అంటే కొమ్ములు, గంగడోలు, గిట్టలు మొదలైన అవయవాల అమరిక, జాతి, అంటే ఆవులన్నిటిలోనూ ఒక్కటిగా ఉండే గోత్వం. ఈ మూడూ కలిసే పదానికి అర్థమని ఆయన సిద్ధాంతం. వ్యక్తి, ఆకృతి రెండే చాలవని చూపడానికి అక్కడ మట్టి ఆవు ప్రస్తావన వస్తుంది. మట్టితో చేసిన ఆవు ఒక వ్యక్తే, దానికి ఆవు ఆకృతీ ఉంది. అయినా యజ్ఞం కోసం ఎవరూ దానికి ప్రోక్షణ చేయరు, దాన్ని తెచ్చి గోదానం ఇవ్వరు, ఎందుకంటే అందులో గోత్వం లేదు. నకలు అనగానే చాలామంది మనసులో మెదిలేది ఈ మట్టి ఆవే. జపాన్ గిటార్లు మొదట అమెరికా, బ్రిటన్ దుకాణాల్లోకి వచ్చినప్పుడు వాటిని చూసి పెదవి విరిచినవారి అభిప్రాయానికి శాస్త్రరూపం ఇస్తే అది ఇలాగే ఉంటుంది: అసలుదాని వేషం ఉంది, సారం లేదు.

గిటార్ విషయంలో ఈ వాదం నిలవదు. మట్టి ఆవు పాలివ్వదు, నకలు గిటార్ మాత్రం మోగుతుంది. ఏడో శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి సత్యమైన వస్తువుకు పెట్టిన గీటురాయి అర్థక్రియాసామర్థ్యం, అంటే ఒక ప్రయోజనాన్ని నిజంగా నెరవేర్చగల శక్తి. ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగల కింద ఉండే పికప్, అంటే అయస్కాంతం చుట్టూ సన్నటి రాగితీగను వేల చుట్లు చుట్టి చేసిన సాధనం, తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చి ఆంప్లిఫయర్‌కు అందిస్తుంది. ఆ రాగితీగను మిషిగన్‌లో చుట్టినా జపాన్‌లో చుట్టినా పనిచేసేది ఒకే భౌతిక నియమం. కాబట్టి నకలు గిటార్ అన్నది గిటార్ బొమ్మ కాదు, గిటారే. దాన్ని నకలు అనడం దాని జాతిని గురించి చెప్పే మాట కాదు, దాని ఆకృతి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే మాట. ఈ రెండు మాటలనూ కలిపేయడం వల్లనే ఈ వాద్యాల మీద జరిగే చర్చలో సగం గందరగోళం పుట్టింది.

ఆ ఆకృతి ప్రయాణించిన దారి స్పష్టంగానే తెలుస్తుంది. ఫెండర్ సంస్థ కాలిఫోర్నియాలోని ఫులర్టన్‌లో 1954లో స్ట్రాటోకాస్టర్‌నూ, గిబ్సన్ సంస్థ మిషిగన్‌లోని కలమజూలో 1952లో లెస్ పాల్ నమూనానూ విడుదల చేశాయి. జపాన్‌లో 1965లో అమెరికన్ వాద్యబృందం వెంచర్స్ పర్యటనతో ఎలక్ట్రిక్ గిటార్ మీద యువతకు పిచ్చి వ్యామోహం పట్టుకుంది, కార్ఖానాలు పుట్టగొడుగుల్లా లేచాయి. వాటిలో ముఖ్యమైనవి నాగనో రాష్ట్రంలోని మత్సుమోతో పట్టణం చుట్టుపక్కల ఉన్నాయి. నలువైపులా కొండలు, పొడిగా ఉండే గాలి, తరాలుగా వస్తున్న చెక్కపని ఆ ప్రాంతానికి ఉన్న అనుకూలతలు. మత్సుమోకు అనే సంస్థ 1951లో చెక్కపని కార్ఖానాగా మొదలై, సింగర్ కుట్టుమిషన్లకు చెక్కపెట్టెలు చేస్తూ చేస్తూ గిటార్ల వైపు మళ్లింది; 1960లో స్థాపితమైన ఫుజిగెన్ గక్కి అదే పట్టణంలో సాధారణ గిటార్లతో మొదలుపెట్టి కొద్ది ఏళ్లలోనే ఎలక్ట్రిక్ గిటార్లకు చేరుకుంది. గిబ్సన్ 1968లో లెస్ పాల్ పాత ఆకారాన్ని మళ్లీ మార్కెట్‌లోకి తెచ్చిన కొద్దికాలానికే జపాన్‌లో దాని నకళ్లు మొదలయ్యాయి. అంతకుముందు జపాన్ గిటార్లు అమెరికా, ఐరోపా వాద్యాల ఛాయలను కలగలిపి తమవైన వింత ఆకారాలు తొడుక్కునేవి. ఒక ప్రత్యేక నమూనాను గీతకు గీత అనుసరించడం అప్పటి నుంచే ఉద్యమంలా సాగింది.

ఇక పేర్ల సంగతి ఇంతకన్నా చిక్కైనది. నగోయాలో 1908లో ఒక పుస్తకాల దుకాణానికి అనుబంధంగా మొదలైన హొషినో గక్కి అనే వ్యాపారసంస్థ, స్పెయిన్‌లోని వలెన్సియాకు చెందిన సాల్వడార్ ఐబానెజ్ పేరుతో వచ్చే గిటార్లను 1929 నుంచి దిగుమతి చేసుకుని, తర్వాత ఆ పేరును తన వాద్యాలకే పెట్టుకుంది. అందువల్ల 1970ల మధ్యలో వెలువడిన ఒక ఐబానెజ్ లెస్ పాల్ నకలును ఎదుట పెట్టుకుంటే, ఆకారం కలమజూది, పేరు వలెన్సియాది, వ్యాపారం నగోయాది, చెక్కపని మత్సుమోతోది, అమ్మకం హొషినో పంపిణీ సంస్థ ఉన్న అమెరికాలోని పెన్సిల్వేనియాది. మత్సుమోతోలోని అదే ఫుజిగెన్ కార్ఖానా నుంచి, దాదాపు అదే వాద్యం, టోక్యోలోని కందా షోకాయ్ సంస్థ కోసం గ్రెకో పేరుతోనూ, బ్రిటన్ వ్యాపారుల కోసం ఆంటోరియా, సీఎస్ఎల్ పేర్లతోనూ బయలుదేరేది. కాబట్టి తలమీది పేరును పట్టుకుని మూలానికి చేరాలనుకునేవాడు దుకాణం దాకానే చేరగలడు.

అయినా ఆ వాద్యం మౌనంగా ఏమీ ఉండదు. విప్పి చూసినవారికి చాలా చెబుతుంది. లెస్ పాల్ ఆకారంలో ఉన్న ఒక తొలినాటి నకలును వెనక్కి తిప్పితే, మెడ బాడీతో కలిసే చోట నాలుగు స్క్రూలతో బిగించిన లోహపు పలక కనిపిస్తుంది. మత్సుమోకు వాద్యాల్లో కొన్నింటి పలక మీద మెడలో ఉక్కు కడ్డీ ఉందని తెలిపే ఇంగ్లిష్ అక్షరాలు అచ్చొత్తి ఉంటాయి. స్క్రూలు తీసి మెడను పైకి లేపితే ఆ గూటిలో రంగు పడని పచ్చి చెక్క, దాని మీద పొరలు పొరలుగా ప్లైవుడ్ గీతలు, కొన్నిసార్లు పెన్సిలుతో వేసిన అంకెలు బయటపడతాయి. పికప్‌ను పెకలించి చూస్తే కింది పలక మీద తయారీ సంకేతం ఉంటుంది. ఐబానెజ్, గ్రెకో వాద్యాల్లో చాలావాటికి మాక్సన్ పేరుతో పికప్‌లు చేసిన నిస్షిన్ ఓన్పా సంస్థ ముద్రను బట్టి కాలాన్ని అంచనా వేస్తారు. పొంగినట్టున్న పైపలకను వేలితో తడితే బోలు శబ్దం వస్తుంది, ఎందుకంటే అసలు లెస్ పాల్‌లో మహాగని చెక్క మీద మందపాటి మేపుల్ పలకను చెక్కి పొంగు తెస్తే, ఈ చవక వాద్యంలో పల్చటి ప్లైవుడ్‌ను అచ్చులో నొక్కి పొంగు తెచ్చారు, దాని కింద ఖాళీ మిగిలింది. 1975 చివరి నుంచి ఫుజిగెన్ చేసిన ఐబానెజ్ వాద్యాల మీద వరుస సంఖ్య కూడా కనిపిస్తుంది: మొదటి అక్షరం నెల, తర్వాతి రెండు అంకెలు సంవత్సరం. ఎఫ్ అక్షరం తర్వాత 78 ఉంటే అది 1978 జూన్ నాటిది.

ఈ వివరాల వరుసను న్యాయశాస్త్రపు కారణవిభాగంతో కలిపి చూస్తే ఒక విశేషం తెలుస్తుంది. తెలుగువాడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో కారణాలను మూడుగా చెబుతాడు. బట్టకు దారాలు సమవాయికారణం, అంటే కార్యం దేనిలో ఇమిడి పుడుతుందో ఆ ద్రవ్యం. దారాల కూడిక అసమవాయికారణం, అంటే ఆ ద్రవ్యంలో ఉండి కార్యాన్ని పుట్టించే సంబంధం. మగ్గం మొదలైనవి నిమిత్తకారణం. ఈ లెక్కన గిటార్‌కు చెక్క, లోహం సమవాయికారణం, మెడకూ బాడీకీ మధ్య ఉన్న కూడిక అసమవాయికారణం, పనివాడూ పనిముట్లూ నిమిత్తకారణం. గిబ్సన్ మెడను జిగురుతో అతికిస్తుంది, ఫెండర్ స్క్రూలతో బిగిస్తుంది. తొలినాటి జపాన్ నకళ్లు గిబ్సన్ ఆకారాన్ని తీసుకుని ఫెండర్ కూడికను వాడుకున్నాయి. అంటే కంటికి కనిపించే రూపంలో అసలుదాన్ని పోలినా, కారణాల స్థాయిలో ఆ వాద్యం కలమజూ నమూనాకు నకలే కాదు. చవకగా, వేగంగా చేయడానికి మత్సుమోతో పనివారు కూర్చిన కొత్త కూర్పు. గౌతముడి మూడు పదార్థాల్లో ఆకృతి ఒక్కటే అరువు. చెక్కను మలచడం, కూడిక కుదర్చడం, పనిచేసిన చెయ్యి మూడూ స్థానికం. మూడు కారణాలలో ఆకృతికి అసలు స్థానమే లేకపోవడం గమనించదగిన సంగతి.

పాశ్చాత్య తత్త్వవేత్తల్లో సాల్ క్రిప్కీ 1970లో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఇదే దిక్కుగా ఒక వాదం చేశాడు: ఒక బల్లను ఒక చెక్కదుంగ నుంచి చేస్తే, అదే బల్ల వేరే దుంగ నుంచి పుట్టి ఉండటం అసాధ్యం, వేరే దుంగ నుంచి అచ్చం అలాంటి బల్లే చేసినా అది మరొక బల్ల అవుతుంది. వస్తువుకు తన పుట్టుక సారభూతమైన లక్షణమన్నమాట. ఆ దృష్టితో చూస్తే నకలు గిటార్‌కు కూడా తప్పిపోని మూలం ఒకటి ఉంది. అది కలమజూలో లేదు, మత్సుమోతో కార్ఖానాకు వచ్చిన ఆ దుంగలో ఉంది. నెల్సన్ గుడ్‌మన్ 1968లో ప్రచురించిన కళాభాషల గ్రంథంలో చిత్రలేఖనాన్నీ సంగీతరచననూ వేరు చేసి, చిత్రం ఎవరి చేతి నుంచి వచ్చిందన్నది దాని సత్యతకు ప్రాణమని, సంగీతరచనకు మాత్రం స్వరలిపి సరిగ్గా ఉంటే ఎవరు రాసుకున్న ప్రతి అయినా అసలైనదేనని అంటాడు. ఎలక్ట్రిక్ గిటార్ ఈ రెండింటి మధ్య ఇరుక్కుంది. అచ్చుపలకలూ కొలతలూ పట్టుకుని ఒకే రకంగా వందల సంఖ్యలో చేయడానికే ఫెండర్ సంస్థ స్థాపకుడు లియో ఫెండర్ తన గిటార్లను రూపొందించాడు, కనుక అది స్వరలిపి వంటిది. సేకర్తలు మాత్రం దాన్ని చిత్రంలా చూస్తారు, ఎవరి చెయ్యి, ఏ ఏడు అని అడుగుతారు. రెండో దృష్టిని తప్పనడానికి లేదు. కాకపోతే ఆ ప్రశ్నను అమెరికన్ వాద్యానికి వేసి, జపాన్ వాద్యానికి వేయకుండా వదిలేయడం పక్షపాతం.

అసలు అనుకున్నదాని మూలం కూడా ఏకైకం కాదు. ఫెండర్ గిటార్ తలలో ఆరు బిరడాలూ ఒకే పక్కన ఉండే అమరిక ఆ సంస్థకు చిహ్నంగా పేరు పొందింది; అయితే పాల్ బిగ్స్‌బీ 1940ల చివర మెర్ల్ ట్రావిస్ కోసం చేసిన గిటార్‌లో అటువంటి అమరికే ఉంది, అంతకు శతాబ్దం ముందు వియన్నాలో స్టాఫర్ చేసిన గిటార్ల తలలు కూడా అలాగే ఒకే పక్క బిరడాలతో వంపు తిరిగి ఉండేవి, ఆయన దగ్గర పని నేర్చుకున్న మార్టిన్ 1830లలో అమెరికా చేరి అదే పద్ధతిలో గిటార్లు చేశాడు. మూలం కోసం వెనక్కి నడిచే ప్రతి అడుగూ మరొక మూలాన్ని చూపిస్తుంది. ఏ వస్తువూ తనంత తానుగా, ఇతర కారణాలను ఆశ్రయించకుండా పుట్టదన్న ప్రతీత్యసముత్పాద సిద్ధాంతాన్ని ఆధారం చేసుకుని నాగార్జునుడు స్వభావశూన్యతను స్థాపించాడు. గిటార్ తల వంపు ఆ మాటకు చిన్న సాక్ష్యం. అయితే ఈ సిద్ధాంతాన్ని ఇక్కడ అలసత్వానికి సాకుగా వాడుకోకూడదు. అన్నీ నకళ్లే కనుక మూలం వెతకడం వృథా అన్న తీర్మానం నాగార్జునుడిది కాదు. కారణాలను ఆశ్రయించి వస్తువు పుడుతుందన్నవాడికి ఆ కారణాలు ఏవో తెలుసుకోవలసిన బాధ్యత మరింత పెరుగుతుంది.

నకలుకూ అసలుకూ ఉన్న వరుసను 1970ల చివరి సంవత్సరాలు పూర్తిగా తలకిందులు చేశాయి. ఆ దశకంలో గిబ్సన్ తన లెస్ పాల్‌ను చాలా మార్చింది: బాడీని పొరలు పేర్చి అతికించారు, మెడను మూడు ముక్కలతో చేశారు, మెడా తలా కలిసే చోట వెనుక ఒక బొడిపె పెట్టారు. వాద్యకారులు మాత్రం 1958 నుంచి 1960 దాకా వచ్చిన పాత లెస్ పాల్‌ల కోసం వెతుకుతున్నారు. సరిగ్గా అప్పుడే, 1978లో, హమామత్సుకు చెందిన టోకాయ్ గక్కి ఆ పాత వాద్యాలను నమూనాగా పెట్టుకుని తన లెస్ పాల్ నకళ్లను విడుదల చేసింది. మెడను జిగురుతో అతికించి, పైపలకను చెక్కి, పాత వంపులను తిరిగి తెచ్చింది. ఆ రోజుల్లో పాత లెస్ పాల్ ఆకృతికి దగ్గరగా ఉన్నది ఆ పేరు మీద హక్కున్న సంస్థ చేసిన వాద్యమా, హక్కులేని హమామత్సు సంస్థ చేసిన వాద్యమా అని అడిగితే, నిజాయితీగల జవాబు రెండోదే. పేరు ఒక చోట నిలిచింది, రూపం మరొక చోటికి వెళ్లింది. వారసత్వం రక్తంలో ఉంటుందా, ఆచారంలో ఉంటుందా అన్న ధర్మశాస్త్రపు వివాదానికి ఇది సాటి.

ఇక్కడ జపాన్ సంస్కృతిని వివరణగా తీసుకురావాలన్న ప్రలోభం కలుగుతుంది. ఇసే పుణ్యక్షేత్రంలోని షింతో దేవాలయాన్ని ఇరవై ఏళ్లకోసారి పక్కస్థలంలో అదే కొలతలతో కొత్తగా కట్టి దేవతను అక్కడికి తరలిస్తారు. ఏడో శతాబ్దం చివర మొదలైన ఈ ఆచారం మధ్యయుగపు యుద్ధకాలంలో కొంతకాలం ఆగినా మళ్లీ కొనసాగి, 2013లో 62వసారి జరిగింది. అక్కడ పాత కొయ్య మిగలకపోయినా ఆలయం మిగులుతుంది, దాని పవిత్రత రూపంలోనూ విధిలోనూ నిలుస్తుంది. ఆ కట్టడానికి కావలసిన హినోకి కలప కిసో కొండల నుంచి వస్తుంది, ఆ కిసో లోయ మత్సుమోతో ఉన్న నాగనో రాష్ట్రంలోనిదే. ఈ సామీప్యం మనసుకు నచ్చుతుంది. కానీ దాన్ని కారణంగా చూపడం చరిత్రకు అన్యాయం. నకళ్లు పుట్టింది భక్తితో కాదు, ఒప్పందాలతో. 1949 నుంచి 1971 దాకా డాలరుకు 360 యెన్లుగా మారకపు విలువ స్థిరపడి ఉండటం వల్ల జపాన్ సరుకు అమెరికాలో చాలా చవక. గిబ్సన్ ధర పెట్టలేని విద్యార్థికి అదే ఆకారం కావాలని అమెరికా, బ్రిటన్ దిగుమతిదారులే కోరారు. అంతెందుకు, గిబ్సన్ యజమానులే తమ ఎపిఫోన్ పేరును 1970 ప్రాంతంలో మత్సుమోకుకు ఇచ్చి అక్కడే వాద్యాలు చేయించుకున్నారు. 1985 తర్వాత యెన్ విలువ అమాంతం పెరిగాక చవక గిటార్ల పని కొరియాకు తరలింది. మత్సుమోకు 1987లో మూతపడింది.

నకలు మీద వ్యాజ్యం కూడా వచ్చింది. గిబ్సన్‌కు మాతృసంస్థ అయిన నార్లిన్ 1977 జూన్ 28న ఫిలడెల్ఫియా ఫెడరల్ కోర్టులో ఎల్గర్ సంస్థ మీద దావా వేసింది. ఎల్గర్ అంటే హొషినోకు అమెరికాలో ఉన్న పంపిణీ సంస్థ. వివాదం బాడీ ఆకారం గురించి కాదు, తల గురించి. తెరిచిపెట్టిన పుస్తకంలా పైఅంచు మధ్యలో నొక్కు ఉన్న గిబ్సన్ తల తమ గుర్తు అని నార్లిన్ వాదన. అప్పటికే ఐబానెజ్ తల ఆకారం మార్చేసింది, 1978 ఆరంభంలో వ్యవహారం కోర్టు వెలుపల రాజీతో ముగిసింది, తీర్పు రాలేదు. ఈ దావాలో ఒక సూక్ష్మత ఉంది. బాడీ ఆకారం వాద్యాన్ని ఒడిలో నిలబెడుతుంది, పై మెట్లను చేతికి అందిస్తుంది, అంటే వాయించే పనిలో దానికి భాగం ఉంది. తల పైఅంచున ఉన్న నొక్కుకు అటువంటి పని లేదు, చేసినవాడెవరో తెలియజేయడమే దాని పని. పనికి సంబంధించిన రూపాన్ని అనుసరించడానికీ చేసినవాడి గుర్తును తీసుకోవడానికీ ఉన్న తేడా అస్తేయధర్మం, అంటే దొంగతనం చేయకూడదన్న నియమం, తప్పక గమనించవలసిన తేడా. మొదటిది నేర్చుకోవడంలో భాగం. రెండోది పరాయివాడి సంతకం.

చాలా ఏళ్ల తర్వాత, 2009లో, అమెరికా ట్రేడ్‌మార్క్ వివాదాల మండలి మరొక కేసులో ఈ తర్కాన్ని ఇంకొక అడుగు ముందుకు తీసుకువెళ్లింది. స్ట్రాటోకాస్టర్, టెలికాస్టర్, ప్రెసిషన్ బాస్ బాడీ ఆకారాలను తన వ్యాపారచిహ్నాలుగా నమోదు చేయమని ఫెండర్ పెట్టుకున్న దరఖాస్తును అది తిరస్కరించింది. దశాబ్దాలుగా ఎందరో తయారీదారులు అవే ఆకారాలు వాడినందువల్ల కొనేవారికి ఆ రూపం ఒక సంస్థను గుర్తుచేయడం లేదన్నది కారణం. న్యాయసూత్రాల్లో ఆకృతికి ఇచ్చిన నిర్వచనం ఇక్కడ ఆశ్చర్యకరంగా అతుకుతుంది: జాతిని తెలియజేసే గుర్తే ఆకృతి. 1954లో ఆ రెండు కొమ్ముల రూపం ఒక సంస్థను తెలిపేది; 2009 నాటికి అది ఒక రకం గిటార్‌ను తెలుపుతోంది. వ్యక్తి గుర్తుగా పుట్టిన రూపం జాతి గుర్తుగా మారింది, ఆ మార్పును తెచ్చినవారిలో మత్సుమోతో, హమామత్సు పనివారు ముందువరసలో ఉన్నారు. నకలు చేయడం ఒక రూపాన్ని దాని యజమాని నుంచి విడదీసి అందరి సొత్తుగా చేయగలదన్నమాట. అది యజమానికి నష్టమే. ఆ నష్టాన్ని చిన్నబుచ్చనవసరం లేదు.

ఇంతకన్నా బలమైన ఉదాహరణ 1982లో కనిపిస్తుంది. చవక నకళ్లతో పోటీ పడలేక ఫెండర్ ఆ ఏడు కందా షోకాయ్, యమానో గక్కి సంస్థలతో కలిసి ఫెండర్ జపాన్‌ను స్థాపించి, తయారీని ఫుజిగెన్‌కు అప్పగించింది. అప్పటిదాకా కందా షోకాయ్ కోసం గ్రెకో పేరుతో ఫెండర్ ఆకారపు గిటార్లు చేసిన కార్ఖానాలోనే ఇప్పుడు ఫెండర్, స్క్వైర్ పేర్లతో గిటార్లు తయారయ్యాయి. చెక్క వచ్చే దారి, యంత్రాలు, చేతులు అవే. నిన్నటి నకలు నేటి అసలు. న్యాయదర్శనపు మూడు కారణాల్లో ఏదీ మారలేదు, మారింది అనుమతి. ఆ తర్వాత 1985లో ఫెండర్‌ను దాని ఉద్యోగుల బృందం కొనుక్కున్నప్పుడు ఫులర్టన్ కార్ఖానా ఆ అమ్మకంలో చేరలేదు, కొత్త కార్ఖానా కుదురుకునేదాకా ఆ పేరుతో వెలువడిన వాద్యాల్లో ఎక్కువ భాగం జపాన్ నుంచే వచ్చింది. అసలు అన్న హోదా వస్తువులో ఉన్న గుణం కాదనీ, వస్తువుకూ మనుషుల ఒప్పందానికీ మధ్య ఉన్న సంబంధమనీ చెప్పడానికి ఇంతకన్నా తేటతెల్లమైన సాక్ష్యం అవసరం లేదు. సంబంధం అన్నంత మాత్రాన అది అబద్ధం కాదు. సంబంధాన్ని గుణంగా పొరబడటమే అబద్ధం.

మోసపు ప్రశ్న వేరు. ఆ కాలపు నకళ్ల తలమీది రాత దూరం నుంచి అసలు పేరులా కనబడేలా, అదే వంపు అక్షరాలతో రాయడం కద్దు. టోకాయ్ తన పేరును ఫెండర్ రాత తీరులో రాసుకుంది. ముత్యపుచిప్పను చూసి వెండి అనుకోవడం భారతీయ దర్శనాల్లో భ్రమకు ప్రసిద్ధమైన ఉదాహరణ. దగ్గరికి వెళ్లి చూడగానే ఆ భ్రమ తొలగుతుంది. గ్రెకో అని, టోకాయ్ అని రాసి ఉన్న వాద్యం దగ్గరికి వచ్చినవారికి తన పేరు చెబుతుంది. ఆ పేరును గీకివేసి గిబ్సన్ అని అతికించి అమ్మినవాడే అబద్ధం ఆడినవాడు, ఆ పాపం కార్ఖానాది కాదు. నకలునూ కూటవస్తువునూ ఒకే గాటన కట్టడం వల్ల నష్టపోయింది నిజాయితీగా తన పేరు రాసుకున్నవాడే.

అరువు తీసుకున్న ఆకృతికి ఋణం మిగులుతుంది. వైదిక సంప్రదాయం మనిషి పుట్టుకతో మోసే ఋణాల్లో ఋషిఋణాన్ని చెబుతుంది, అది డబ్బుతో తీరదు, అధ్యయనంతో తీరుతుంది. లియో ఫెండర్‌కూ, కలమజూ పనివారికీ జపాన్ కార్ఖానాలు పడిన ఋణం ఇటువంటిదనీ, వాటిలో మంచివి దాన్ని చాలావరకు తీర్చుకున్నాయనీ భావించడానికి ఆధారాలున్నాయి: స్క్రూలతో బిగించిన ప్లైవుడ్ బాడీతో మొదలైన పని పదేళ్లలో చెక్కిన పైపలక, అతికించిన మెడ దాకా ఎదిగింది, 1976లో యమహా ఎస్‌జీ 2000 వంటి సొంత నమూనాలు కూడా అదే కాలపు జపాన్ నుంచి వచ్చాయి. బిడ్డ మాతృభాషను నేర్చినట్టు విని, అనుకరించి సంగీతం నేర్చుకోవాలన్న వయొలిన్ గురువు షినిచి సుజుకి బోధనా సంస్థ 1946 నుంచి నడిచిన పట్టణం కూడా మత్సుమోతోయే. అనుకరణ నేర్చుకోవడానికి తొలిమెట్టని వయొలిన్ విషయంలో ఒప్పుకున్న ప్రపంచం గిటార్ విషయంలో అదే మాట ఒప్పుకోవడానికి వెనకాడింది.

తీరని ఋణం మరొకటి ఉంది, అది పేరు తెలియని పనివారికి కొన్నవారూ వాయించినవారూ పడినది. పని కార్ఖానాల మధ్య పంచుకుని జరిగేది. ఒక చోట బాడీ కోస్తే మరొక చోట రంగు వేసిన సందర్భాలున్నాయి. చెక్క మీద అంకెలు మిగిలాయి, మనిషి పేరు మిగలలేదు. మూలం వెతికేవారి పరిశోధన కార్ఖానా దాకా చేరుతుంది, అంతకు మించి చేరడం అరుదు. అక్కడిదాకా చేరడం కూడా చిన్న విషయం కాదు, ఎందుకంటే నిమిత్తకారణాన్ని వదిలేస్తే వస్తువు పుట్టుక చెప్పినట్టే కాదు. అందుకే ఈ వాద్యాలను అమ్మేటప్పుడు ‘లాసూట్ గిటార్’, అంటే దావా గిటార్, అని పేరు పెట్టి ధర పెంచే అలవాటు అభ్యంతరకరం. దావా ఒక్కటే, ఒక్క సంస్థ మీద, ఒక్క భాగం గురించి. ఆ మాటను ఆ దశకపు జపాన్ గిటార్లన్నిటికీ తగిలించడం చేసినవాడి స్థానంలో కొట్లాడినవాడి పేరు రాయడమే అవుతుంది. ముద్రలూ కూడికలూ చూసి మత్సుమోకు అని తేలినచోట మత్సుమోకు అనీ, ఫుజిగెన్ అని తేలినచోట ఫుజిగెన్ అనీ, తేలనిచోట జపాన్‌లో తయారైంది, కార్ఖానా తెలియదు అనీ రాసిన చీటీ ఆ వాద్యానికి తగిన జాతకం.